గవరమ్మ దారం వదిలింది

అనగనగా తుంగవలస అని ఒక ఊరుండేది. ఊరంతా చేపలు పట్టేవాళ్ళే. వాళ్ళకో చెరువు. ఆ చెరువే వాళ్ళకి కూడు, అదే కూర. దగ్గరికి జరుగు బంగారం, దుప్పటి నేను కప్పుతాలే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వినాయక చవితి వెళ్ళి దసరా దగ్గర పడుతున్నా చెరువులో నీళ్ళు నడుం లోతు దాటలేదు. ఎటు చూసినా నాచు, గుర్రపుడెక్క. వల వేస్తే నాచే వచ్చేది, గట్టిగా లాగితే వల చిరిగేది. మగాళ్ళంతా దిగి కర్రలతో నీళ్ళు బాదారు, కేకలు పెట్టారు. అంత గోల చేస్తే చేప అక్కడ ఉంటుందా? ఒక్కటీ రాలేదు.

అప్పుడు ఊరిపెద్ద అప్పలస్వామికి విసుగొచ్చింది. "ఇంకేటి సూస్తాం? తూమెత్తి నీళ్ళొగ్గేద్దాం. బురదలో ఉన్నయ్యన్నీ ఏరుకుందాం" అన్నాడు.

ఆ మాటకి గవరమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. గవరమ్మంటే ఎవరనుకున్నావు? మొగుడు పోయాక ఒక్క వెదురు గాలంతో ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. చెరువు ఎండబెడితే పిల్ల చేపలతో సహా అన్నీ పోతాయి. రేపు వాన పడి నీళ్ళు నిండినా అందులో ఏముంటుంది? తను పట్నం పోయి ఇటుకలు మోయాల్సిందే.

"మూడ్రోజులాగండి బాబూ. రోజుకో సేప తెస్తాను. పొద్దుగుంకేసరికి ఏ రోజు ఉత్తసేతుల్తో వస్తే ఆ రోజే తూమెత్తండి. మూడ్రోజులూ తెస్తే మాత్రం తూము జోలికెళ్ళకండి" అంది.

అందరూ పకపకా నవ్వారు. అప్పలస్వామి మాత్రం సరేనన్నాడు. మూడు రోజులే కదా అనుకున్నాడు.

మొదటి రోజు గవరమ్మ తెల్లారేసరికే చెరువుకెళ్ళింది. చేతి కడియాలు తీసి కొంగున కట్టుకుంది, చప్పుడవుతాయని. సూర్యుడికి ఎదురుగా కూర్చుంది, తన నీడ వెనక పడేలాగ. తక్కువ నీళ్ళలో చేపకి నీడ కనబడితే చాలు, పారిపోతుంది మరి! నాచు మధ్యలో పళ్ళెమంత ఖాళీ చూసుకుని, వానపాము గుచ్చి, గాలం వదిలింది. కాసేపటికి జెల్ల చేప పడింది. ఎంత నేర్పో చూడు!

రెండో రోజు ఎండ పేలిపోతోంది. అప్పుడు గవరమ్మ నీళ్ళలోకి దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. ఒక చోట కాళ్ళకి చల్లగా తగిలింది. కింద ఊట ఉందన్నమాట. ఎండకి తాళలేని చేప చల్లదనం వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుందనుకుంది. అనుకున్నట్టే వాలుగ పడింది. నవ్విన మగాళ్ళలో కొందరు తల గోక్కున్నారు.

ఆ తర్వాత మూడో రోజు. పొద్దున్న ఏమీ లేదు. మధ్యాహ్నం ఏమీ లేదు. సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. అప్పలస్వామి వెళ్ళి తూమెత్తే కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

గవరమ్మ గాలానికి చిన్న కప్పని కట్టి, నాచు మీద టప్ టప్ మని గెంతించింది. ఉన్నట్టుండి నాచు భళ్ళున పగిలింది! కొర్రమీను, నీ అంత పొడుగు! కప్పని నోట కరుచుకుని, అంతే, నాచు అడుక్కి దూరిపోయింది. దారం గుర్రపుడెక్క వేళ్ళకి చుట్టుకుపోయింది.

"లాగు! లాగే!" అని గట్టంతా అరిచింది.

గవరమ్మ లాగలేదు. చేతిలో దారం వదులు చేసింది. తీరిగ్గా గట్టు మీద కూర్చుని, రొంటిన ఉన్న తమలపాకు తీసి సున్నం రాసుకుంది. పైకి అంత తీరిక గానీ, బంగారం, కన్ను మాత్రం దారం మీదే ఉంది. సూర్యుడు కొండ మీదికి దిగిపోయాడు.

"ఏటి సేస్తన్నావే గవరమ్మా?" అన్నాడు అప్పలస్వామి.

"ఎదురు సూస్తన్నాను బాబూ. లాగితే దారం తెగుతాది. ఒగ్గేస్తే అదే సిక్కు ఇడిపించుకుంటాది. కొర్రమీనుకి పైగాలి పీలిస్తేనే ఊపిరాడతాది గదా, పైకి రాక ఏటి సేస్తాది?"

సూర్యుడు సగం మునిగాడు. తూము కర్ర కిర్రుమంది. అప్పుడు నాచు మధ్యలో ఒక బుడగ. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత కొర్రమీను తనంతట తనే దారం చిక్కు విడిపించుకుని, ఊపిరి కోసం మూతి పైకి పెట్టింది. గవరమ్మ ఒక్కటే గుంజు గుంజింది. చేప వచ్చి గట్టు మీద పడింది!

గట్టంతా ఈలలు. అప్పలస్వామి చేపని చూశాడు, చెరువుని చూశాడు. ఆ తర్వాత తూము కర్ర ఊడబీకి, భుజాన వేసుకుని, గవరమ్మ ఇంటికి నడిచి, చూరు కింద ఆమె గాలం పక్కన ఆనించాడు.

"ఇది నీ కాడే ఉండనీ అమ్మా. మాకు ఓపిక సాలదు" అన్నాడు.

పది రోజులకి పెద్ద వాన కురిసింది. చెరువు నిండింది. అప్పటి నించీ ఆ ఊళ్ళో తూమెత్తాలంటే ఎంతటివాడైనా గవరమ్మ గడప ముందు చెప్పులు విడిచి అడగాల్సిందే.

చెరువులో చేప పడుకుంది,
చాప మీద పాప పడుకుంది.
కథేమో కంచి చేరుకుంది,
మనకేమో ఇల్లు ఇక్కడే ఉంది.