సీటు కింది చీపురు

ఆత్మకూరు దస్తగిరి వస్తాదు దగ్గర డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చినవాడు మొదటి నెల స్టీరింగు ముట్టడు, చీపురు పడతాడు. అదేం చదువని నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లకు వస్తాదు సంగతి తెలియదు. బ్రేకులు పోయిన వెదురు లారీని నల్లమల ఘాటులో అన్ని మలుపులూ గేర్ల మీదే దించి, కింద హోటలు ముందు ఆపి, గ్లాసులో టీ చుక్క తొణకలేదని చూపించిన మనిషి ఆయన. దారికి అడ్డం పడుకున్న చిరుతపులి ఆయన హారను గుర్తుపట్టి, ఒళ్లు విరుచుకుని పక్కకు తప్పుకునేదని ఆ కాలపు క్లీనర్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. అంతటివాడు, శిష్యుడికి లైసెన్సు చేతికొచ్చిన రోజున ఒక ఈత చీపురు ఇచ్చి పంపేవాడు. అది డ్రైవరు సీటు కింద ఉండాలి. ఎక్కడ ఏ బండి గుద్దుకున్నా, తప్పెవరిదైనా, దెబ్బతిన్న మనిషిని లేపాక మొదటి పని రోడ్డు మీది గాజు ఊడవడం. తగవు ఆ తర్వాత. ఇదంతా టైర్ల కోసం కాదు. ఏటా ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి వేలమంది శ్రీశైల మల్లన్న దగ్గరికి చెప్పులు లేని కాళ్లతో ఆ దారినే నడిచిపోతారు.

ఆ చీపుళ్లలో ఒకటి సుంకన్నకు దక్కింది. పదకొండేళ్లు అతను సొంత కారు అద్దెకు తిప్పాడు. కర్నూలు ఆసుపత్రి నుంచి బాలింతను ఎక్కించుకుంటే, ఊరు చేరి తల్లి లేపేదాకా పసిబిడ్డ కళ్లు తెరిచేది కాదు. అంత మెత్తని చెయ్యి. అలాంటివాడు ఒక మధ్యాహ్నం పాణ్యం దగ్గర రైల్వే గేటు పడి ఉంటే కారు ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేకు లాగి, రైలు కోసం చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి సిమెంటు లారీ వచ్చి గుద్దింది. కారు వెనక భాగం ముందు సీటును పలకరించింది. సుంకన్న ఎలా బతికాడో ఊరి దేవత సుంకులమ్మకే తెలియాలి.

లారీ డ్రైవరు దిగి రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదేనన్నా. కునుకు పట్టింది. పిల్లలు గలవాణ్ణి." సుంకన్న తిట్టలేదు. సీటు కింద చెయ్యి పెట్టి చీపురు తీశాడు. అతను ఊడుస్తుంటే లారీ డ్రైవరు ఖాళీ సిమెంటు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. చివరి పెంకు దాకా ఎత్తి, ఇద్దరూ కలిసి కారును పక్కకు నెట్టి, గేటు దగ్గరి కుండలో నీళ్లు తాగారు. పోలీసు వచ్చేసరికి ఆ రోడ్డు పెళ్లివారి వాకిలిలా ఉంది. రెండు బండ్ల నంబర్లు మాత్రం రాసుకుని పోయాడు.

సుంకన్న పాలసీ ఎదుటివాళ్ల నష్టానికే గానీ సొంత బండికి పనికిరాదు. అందుకని లారీకి ఇన్సూరెన్సు చేసిన కంపెనీయే అతని కారు బాగు చేయించాలి. తప్పు లారీది, ఇందులో మాట్లాడుకోవడానికి ఏముందనుకున్నాడు. ఏడు నెలలు మాట్లాడాల్సి వచ్చింది. ఆ ఆఫీసు మెట్లు అతను ఎక్కిన లెక్క కడితే శ్రీశైల శిఖరం నాలుగుసార్లు ఎక్కి దిగినట్టే. ఫోను చేస్తే అవతల మనిషి పలికేలోగా ఒక పాట వచ్చేది. ఆ పాట వినీ వినీ అతని చిన్నకూతురు నిద్రలో కూడా అదే కూనిరాగం తీసేది. షెడ్డులో కారు చుట్టూ గడ్డి మొలిచింది. వెనక సీటులో ఎవరిదో కోడి మూడు తరాల పిల్లల్ని పొదిగి దించింది. సుంకన్న భార్య పత్తి ఏరడానికి పోయేది. సుంకన్న కూలికి ఎవరి బండైనా తోలేవాడు. అద్దంలో లారీ కనిపిస్తే మాత్రం చేతులు వణికేవి. మెత్తని చెయ్యని పేరున్న మనిషికి అంతకన్నా అవమానం ఏం కావాలి?

ఆఫీసులో అతనితో మాట్లాడిన అధికారి చెడ్డవాడు కాదు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. అదే సుంకన్నను ఎక్కువ కుంగదీసింది. కసురుకునేవాడైతే ఎదురు తిరిగే వీలన్నా ఉండేది.

"చూడండి సుంకన్నగారూ, గేటు దగ్గర రోడ్డు ఏటవాలు. మీ కారే వెనక్కి దొర్లి, ఆగి ఉన్న లారీకి తగిలిందని లారీ డ్రైవరు రాసిచ్చాడు."

"సార్, దొర్లితే అంత నుజ్జవుతాదా? ఆ యప్పే గదా సార్ సంచి పట్టుకునింది!"

"ఏ సంచి?"

"గాజు ఎత్తిన సంచి సార్."

అధికారి కలం పక్కన పెట్టాడు. "ఆ గాజు ఎక్కడ రాలిందో ఒక్క ఫోటో ఉన్నా ఏ బండి వచ్చి దేన్ని కొట్టిందో తేలిపోయేదండీ. ఎందుకు ఊడ్చారు?"

"రోడ్డు మీద గాజు గదా సార్."

అధికారి ఫైలు మూశాడు. "మీరు మంచివారు. దానికి మా ఫారంలో గడి లేదండీ."

గేట్‌మన్‌ను అడిగితే, రైలు వైపు చూడటమే తన డ్యూటీ అనీ, కార్ల వైపు చూస్తే ఉద్యోగం ఊడుతుందనీ చెప్పాడు. చివరకు ఉగాది ఇంకో వారం ఉందనగా ఉత్తరం వచ్చింది. ప్రమాద స్థలంలోని ఆనవాళ్లను హక్కుదారే స్వయంగా తొలగించినందున క్లెయిము తిరస్కరించడమైనది అని అందులో ఉంది. కావాలంటే కోర్టుకు పోవచ్చట. కోర్టయినా అడిగేది ఆ ఫోటోనే.

సుంకన్న ఆ కాగితం తీసుకుని వస్తాదు దగ్గరికి వచ్చాడు. ఎనభైకి దగ్గరపడిన ముసలాయన, మోకాళ్లు పనిచేయక, తన డ్రైవింగు స్కూలు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సుంకన్న ఉత్తరం చదివి వినిపించి, అడగాల్సింది అడిగాడు.

"వస్తాద్, నీ మాట ఒక్కటీ నేను తప్పలేదు. ఆ పొద్దు చీపురు తియ్యకుండా ఉండాల్సిందా? తియ్యడమే నా తప్పా?"

వస్తాదు చేతికర్ర అందుకుని, స్కూలు జీపు వైపు చూపించి, "తియ్ బండి. ఊరికే అట్లా పోయొద్దాం" అన్నాడు.

వెలుగోడు దారిలో మూడు మైళ్లు పోయారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ఆటో కిలోమీటరు రాయికి గుద్దుకుని ఉంది. వెనక దాన్ని గుద్దిన ట్రాక్టరు. ఆటో ముందద్దం రోడ్డంతా పరుచుకుని ఎండకు మెరుస్తోంది. ఆటోవాడు మద్దిలేటి, అతనూ వస్తాదు శిష్యుడే. నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ సీటు కింది నుంచి చీపురు తీస్తున్నాడు.

సుంకన్న జీపులోంచి దూకాడు.

"ముట్టుకోవాకురా మద్దిలేటీ! పారెయ్ చీపురు! సచ్చినా ముట్టుకోవాకు!"

మద్దిలేటి బిత్తరపోయాడు. "గాజు గదన్నా..."

"గాజు గాదురా, అదే నీ ఆటో! అది పోతే నీ ఆటో పోయినట్టే. ట్రాక్టరు తియ్యొద్దప్పా, నువ్వు ఆడనే ఉండు!"

సుంకన్న ఫోను తీశాడు. ఏడు నెలలుగా ఆ ఆఫీసు అతనికి నేర్పిన చదువంతా అప్పుడు బయటికి వచ్చింది. నంబరు ప్లేట్లు తీశాడు. టైర్ల గీతలు తీశాడు. గాజు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, మోకాళ్ల మీద వంగి తీశాడు. పెంకుల మధ్య తన అడుగు పడకుండా, ఒక్క పెంకు కూడా జరగకుండా జాగ్రత్తగా తిరిగాడు. చేతులు వణకలేదు. పదకొండేళ్లు కారు తిప్పిన మెత్తదనం వాటికి తిరిగొచ్చింది.

మలుపు అవతల డప్పు వినిపించింది. ఆ వెనకే కన్నడంలో మల్లయ్యను పిలుస్తున్న గొంతులు. ఎర్రటి ఎండలో, తలల మీద మూటలతో, పసిపిల్లల్ని భుజాన వేసుకుని, దుమ్ముపట్టిన పాదాలతో ఒక ఊరంత జనం మలుపు తిరుగుతున్నారు.

దస్తగిరి వస్తాదు జీపు దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. మద్దిలేటి పారేసిన చీపురును, కర్ర మీద బరువు వేసి వంగి, అందుకున్నాడు. గాజు అంచుదాకా నడిచి ఆగాడు. సుంకన్న తలెత్తి చూశాడు. అతనికి జనమూ కనిపించారు, చీపురూ కనిపించింది. ఫోను పట్టుకున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

వస్తాదు చీపురును చంకలో పెట్టుకున్నాడు.

"ఇంకో పక్క కూడా తీసుకో నాయనా," అన్నాడు. "వాళ్లు చెప్పుల్లేనోళ్లు. నిదానంగానే వస్తారు."