చెంగమ్మ ఎద్దులు

ఒకరి శిస్తు బాకీకి సర్కారు ఇంకొకరి సొత్తు జప్తు చేస్తే ఆ బాకీ తీరినట్టేనా అని శిష్యుడు తిరువేంగళం అడిగాడు. కోదండయ్యగారు అవునని గానీ కాదని గానీ అనలేదు. తన చిన్నతనంలో వాళ్ల ఊళ్లో జరిగిన సంగతి చెప్పారు.

చెంగమ్మ అనే విధవరాలు జోడెద్దుల బండి మీద ఉప్పు తోలుకుని బతికేది. ముసురు పట్టి తన పాక కారుతుంటే, పొరుగున ఉన్న మునెయ్య కొట్టంలో ఎద్దుల్ని కట్టేసుకుంది. మర్నాడు మునెయ్య శిస్తు బాకీకని, జప్తులు చేసే అమీను వచ్చి వాటిని తోలుకుపోయాడు. పక్కనే నిలబడ్డ మునెయ్య అవి తనవి కావని చెప్పలేదు. పైగా తన బాకీ కొట్టేశారని ఊరంతా చెప్పుకున్నాడు.

చెంగమ్మ కచేరీకి వెళ్లింది. జప్తు అయిపోయింది, నీ నష్టమేదో మునెయ్య దగ్గరే రాబట్టుకో అన్నాడు తాసీల్దారు. ఆమె అతణ్ణి బతిమాలలేదు, మునెయ్య గడపా తొక్కలేదు. వేలం నాడు బందెలదొడ్డి వాకిలికి అడ్డంగా కూర్చుంది. ఇవి నా ఎద్దులు, ఎవరు కొన్నా వాళ్లింటికొచ్చి విప్పుకుపోతానని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఒక్కరూ పాట పాడలేదు.

తాసీల్దారు స్వయంగా వచ్చాడు. సర్కారు పనికి అడ్డొస్తే జైల్లో పెట్టిస్తానన్నాడు. చెంగమ్మ లేవలేదు.

"పెట్టించండయ్యా. మునెయ్య పొలం శిస్తు నా ఎద్దులు కట్టాయిగా, ఆ పొలం నాదని రాసిచ్చి మరీ పెట్టించండి. బయటికొచ్చాక దున్నుకుంటా."

జనంలో ఎవరో నవ్వారు. తాసీల్దారు నవ్వలేదు. మునెయ్యను పిలిపించి, ఎద్దులు ఎవరివని అందరి ముందూ అడిగాడు. మునెయ్య నేల చూపులు చూస్తూ ఆమెవే అన్నాడు.

తాసీల్దారు ఎద్దుల్ని విడిపించాడు. కొట్టేసిన బాకీని మళ్లీ మునెయ్య పేరనే రాయించాడు. తీరిపోయిందని మీరే అన్నారు కదా అని మునెయ్య గోల పెట్టాడు.

"ఎద్దులు మా దొడ్లో ఉన్నంతసేపూ తీరింది" అన్నాడు తాసీల్దారు.

చెంగమ్మ ఎవరికీ దణ్ణం పెట్టకుండా ఎద్దుల్ని తోలుకుని వెళ్లిపోయింది.

ఆమె అలా అడ్డం కూర్చోకుండా ఊరుకుని ఉంటే, వేలం జరిగిపోయి ఉంటే, అప్పుడు మునెయ్య బాకీ తీరిపోయేదే కదా అన్నాడు తిరువేంగళం.

"సర్కారుది తీరేది, నాయనా" అన్నారు కోదండయ్యగారు.