పోలయ్య వదిలేసిన క్యాచ్

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులికి భయపడని వాళ్లయినా ఉన్నారు గానీ, క్రికెట్ అంటే ఇష్టం లేని వాళ్లు ఒక్కరూ లేరు, పిల్లలూ. ఎండిన వెలక్కాయ వాళ్లకు బంతి. మద్దికొమ్మ బ్యాటు. వాగు పక్కన ఉన్న పచ్చికబయలు మైదానం. దాని చుట్టూ తెల్ల గులకరాళ్లు పేర్చి, అదే బౌండరీ అనుకున్నారు.

ఆ జట్టులో పోలయ్య అనే ముసలి దుప్పి ఉండేవాడు. ఎంత ఎత్తుకు లేచిన బంతినైనా పరుగెత్తుకెళ్లి కొమ్ముల సందున ఇరికించి పట్టేసేవాడు. అలా పట్టినా క్యాచ్ కిందే లెక్క. ఆయన మాటలు తక్కువ. అది ఆయనకు ఆఖరి ఏడు. వానలు మొదలయ్యాక ఇక ఆడనని ముందే చెప్పేశాడు.

ఆ అడవిలోనే గవరాజు అనే కౌజుపిట్ట ఉండేవాడు. ఆయన ఒక్కరోజు కూడా ఆడలేదు. వెలక్కాయ ఆయన తలకంటే పెద్దది మరి! కానీ అరవడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు బ్యాటింగ్‌కు దిగాలో, అన్నీ ఆయనే పుట్టమీద నిలబడి చెప్పేవాడు.

ఒకరోజు గుట్టమీది మేకల జట్టుతో వన్డే మ్యాచ్ పడింది. మూడేళ్లుగా ఆ జట్టు చేతిలో అడవి జట్టు ఓడిపోతూనే ఉంది. అందుకని ఈసారి అడవి అడవంతా మైదానానికి వచ్చేసింది.

గవరాజు పెళ్లాం సింగారి గుడ్ల మీద కూర్చుని ఉంది. "పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నావు. కాస్త కనిపెట్టి ఉండవయ్యా!" అంది.

"నేనుండగా భయమెందుకే?" అన్నాడు గవరాజు. ఏడుగురు పిల్లల్నీ వెంటేసుకుని వెళ్లాడు.

మ్యాచ్ ఆఖరి బంతి దాకా వచ్చింది. గుట్ట జట్టు చేతిలో ఒక్క వికెట్టే మిగిలింది. గెలవాలంటే మూడు పరుగులు కావాలి. బౌలరు బంతి వేశాడు. మేకపోతు బ్యాటు ఊపింది. బంతి ఆకాశంలోకి లేచింది.

బౌండరీ వైపు నుంచి పోలయ్య పరుగందుకున్నాడు. "పట్టు! పట్టు!" అని అడవంతా అరిచింది. బంతి దిగుతోంది. ఇంకో రెండడుగులు వేస్తే చాలు.

పోలయ్య ఆగిపోయాడు. ముందరి కాలు ఒకటి గాల్లోకి లేచి అలాగే ఉండిపోయింది. బంతి ఆయన ముందు పడి, దొర్లుకుంటూ గులకరాళ్లు దాటేసింది.

నాలుగు పరుగులు. అడవి జట్టు ఓడిపోయింది.

మైదానంలో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

"బౌలర్లను మార్చాలి" అంది తొండ, తల ఆడిస్తూ.

"ముందు బ్యాటింగ్ చేయడమే తప్పు" అంది ఉడుత.

గవరాజు పుట్ట ఎక్కాడు. "నేను చెబుతా వినండి! బౌలింగూ కాదు, బ్యాటింగూ కాదు. పోలయ్య! బంతి వచ్చి నోట్లో పడుతుంటే రెండడుగులు వేయలేకపోయాడు. ఎందుకు? భయం! దెబ్బ తగులుతుందని భయం! వాణ్ణి తీసేసి కుర్ర కుందేలును పెట్టండి!"

జట్టును ఎంపిక చేసే పెద్ద ఓబులేసు అనే ఎలుగుబంటి. ఆయన పోలయ్య వైపు తిరిగాడు. "ఏం పోలయ్యా, ఎందుకు ఆగావు?"

పోలయ్య నేల చూపులు చూశాడు. "ఆగాను తాతా. తప్పు నాదే" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

"చూశారా! వాడే ఒప్పుకున్నాడు!" అని గవరాజు ఎగిరి గంతేశాడు.

రెండో రోజు గవరాజు ఒక పాట కట్టాడు. "పిరికి పోలయ్యా, పరుగు ఆపావేమయ్యా!" సాయంత్రానికి అడవిలో పిల్లలందరికీ అది నోటికి వచ్చేసింది. పోలయ్య వాగు దగ్గరికి నీళ్లు తాగడానికి వస్తే, కొమ్మల మీద కోతిపిల్లలు అదే పాట ఎత్తుకున్నాయి. ఆయన ఒక్క గుక్క తాగి, మూతి తుడుచుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అది చూసి గవరాజు ఎంత నవ్వాడో!

మూడో రోజు పొద్దున గూటి దగ్గర ఆయన పిల్లలు ఆ పాటే పాడుతున్నారు. ఆరుగురు పాడుతున్నారు. అందరికంటే చిన్నది బుడ్డమ్మ మాత్రం మూలకు ముడుచుకుని కూర్చుంది.

"నువ్వు పాడవేమే?" అని అడిగాడు గవరాజు.

బుడ్డమ్మ ఏడుపు మొహం పెట్టింది. "పోలయ్య మామ పిరికివాడు కాదు నాన్నా."

"నీకేం తెలుసు?"

"నేను ఆయన కాలి కిందే ఉన్నాను."

గవరాజుకు అర్థం కాలేదు. బుడ్డమ్మ వెక్కుతూ చెప్పింది. "మిడత వెంట పడి రాళ్లు దాటి గడ్డిలోకి వెళ్లాను నాన్నా. నువ్వు అరుస్తున్నావు, చూడలేదు. పోలయ్య మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాలు నా మీద పెట్టబోయి పైకి ఎత్తేశాడు. 'లేచి మీ నాన్న దగ్గరికి పరుగెత్తు తల్లీ' అన్నాడు. నేను వచ్చేశాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

గవరాజు రెక్కలు వాలిపోయాయి. బయట మిగతా పిల్లలు ఇంకా పాడుతూనే ఉన్నారు.

"ఆపండి!" అని అరిచాడు. ఎందుకు ఆపాలో మాత్రం చెప్పలేకపోయాడు.

సింగారి అంతా విన్నది. "మధ్యాహ్నం తర్వాతి మ్యాచ్‌కు జట్టు ఎంపిక ఉంది కదా. వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి" అంది.

"చెబుతాను" అన్నాడు గవరాజు.

చెప్పాలనే వెళ్లాడు, పిల్లలూ. కానీ మైదానం చేరేసరికి అందరూ ఆయన చుట్టూ మూగారు. "మా గవరాజు చెప్పిందే నిజం!" అంటూ పుట్ట ఎక్కించారు. నిన్నటిదాకా ఆ మాటలు తేనెలా ఉండేవి. ఇవాళ వేపాకులా చేదయ్యాయి.

ఓబులేసు అడిగాడు. "ఏమయ్యా గవరాజూ, నువ్వు ఇంకా ఆ మాట మీదే ఉన్నావా?"

అందరి కళ్లూ ఆయన మీదే. నిజం చెబితే ఆ నోళ్లన్నీ తన మీదికి తిరుగుతాయి. 'పిల్లను చూసుకోలేని గవరాజు' అని రేపు పాట కడతారు. గవరాజు నోరు తెరిచాడు.

"ఊఁ" అన్నాడు.

అంతే. పోలయ్యను తీసేశారు. కుర్ర కుందేలును తీసుకున్నారు. పోలయ్య కుందేలు దగ్గరికి వెళ్లి, "ఎండ కళ్లలో పడే వైపు జాగ్రత్త, బాబూ" అని చెప్పి, వాగు దాటి వెళ్లిపోయాడు.

గూటికి రాగానే బుడ్డమ్మ ఎదురొచ్చింది. "చెప్పావా నాన్నా?"

గవరాజు ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు. ఆ రోజు ఆయనకు గింజ మింగుడు పడలేదు. మర్నాడూ అంతే. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వినట్టు అనిపించేది.

ఇక ఉండబట్టలేక వాగు దాటి వెళ్లాడు. వెదురు పొదల దగ్గర పోలయ్య ఒంటరిగా మేస్తున్నాడు.

"పోలయ్యన్నా, నా పిల్ల చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

పోలయ్య మేత ఆపాడు. "చెబితే ఏమయ్యేది? ఓడిపోయిన కోపంలో ఉన్నారు అందరూ. బుడ్డమ్మ వల్లే ఓడామనేవాళ్లు. ఎక్కడికెళ్లినా ఆ పిల్లను అదే అనేవాళ్లు. నేను పెద్దవాణ్ణి, మాట పడతాను. అది ఎక్కడ పడుతుంది?"

"నన్ను కూడా ఒక్క మాట అనలేదేం?"

"నువ్వు అంత గట్టిగా అరుస్తుంటే నా మాట ఎక్కడ వినిపిస్తుందయ్యా?"

పోలయ్య ఆ మాట కోపంగా అనలేదు. అందుకే గవరాజుకు మరీ తలకొట్టేసినట్టయింది. ఎంపిక జరిగిన రోజే తనకు నిజం తెలుసనీ, తెలిసీ 'ఊఁ' అన్నాననీ చెప్పేశాడు. పోలయ్య చాలాసేపు ఆయన వైపే చూశాడు. మళ్లీ మేతకు తల వంచాడు.

గవరాజు తిరిగి వచ్చి అందర్నీ మైదానానికి పిలిచాడు. ఈసారి పుట్ట ఎక్కలేదు. నేల మీదే నిలబడ్డాడు. ఆయన గొంతు ఎంత చిన్నగా ఉందంటే, వెనక ఉన్న ఉడుత "కాస్త గట్టిగా చెప్పవయ్యా" అనాల్సి వచ్చింది.

"పిల్లను చూసుకోనిది నేను. ఆటలో మునిగి దాన్ని గాలికి వదిలేశాను. నా పిల్ల ప్రాణం కోసం పోలయ్య ఆగాడు. ఆయన్ను పిరికివాడన్నాను. పాట కట్టాను. నిజం తెలిసిన తర్వాత కూడా ఇక్కడే, మీ అందరి ముందే, నోరు మూసుకున్నాను. అనేదేదో నన్ను అనండి."

తొండ తల ఆడించడం మానేసింది. కోతిపిల్లలు కొమ్మల వెనక్కి జరిగాయి. పాట పాడని వాళ్లు అక్కడ ఎవరున్నారు గనక?

ఓబులేసు పోలయ్యకు కబురు పంపాడు. "వచ్చి నీ చోటు తీసుకో."

పోలయ్య వచ్చాడు గానీ ఒప్పుకోలేదు. "ఇప్పుడు నన్ను పెట్టాలంటే కుందేలును తీసేయాలి. వాడేం తప్పు చేశాడు తాతా? వాడు ఆడతాడు, ఆడనివ్వండి" అన్నాడు.

అలా ఆయన ఆఖరి ఏడు ఆడకుండానే గడిచిపోయింది. ఎవరు బతిమాలినా ఆ ఆట తిరిగి రాలేదు.

తర్వాతి మ్యాచ్‌కు పోలయ్య ఆట చూడటానికి వచ్చి బౌండరీ అవతల కూర్చున్నాడు. గవరాజు పిల్లలతో వచ్చి, ఆయనకు కనిపించకుండా వెనక ఎండలో నిలబడ్డాడు. ఆట మధ్యలో కుందేలు ఒక క్యాచ్ వదిలేశాడు. తొండ వెనక్కి తిరిగి, "ఏమంటావు గవరాజూ?" అని అడిగింది. గవరాజు తల ఎత్తలేదు.

పోలయ్య ఆ మాట విని వెనక్కి చూశాడు. కాస్త పక్కకు జరిగాడు. "ఎండలో ఎందుకు నిలబడ్డావు? పిల్లల్ని ఇటు తీసుకురా, ఇక్కడ నీడ ఉంది" అన్నాడు.

బుడ్డమ్మ పరుగున వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. గవరాజు మాత్రం మొహం దించుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లాడు.

నీతి: ఓడిన కోపంలో తెలియకుండా ఒకరిపై నింద వేయడం తప్పు, నిజం తెలిశాక కూడా నోరు మూసుకోవడం అంతకంటే పెద్ద తప్పు.