తలపాగాల కొలువు

మల్లెలగిరి మహారాజుగారి చేతికి కొత్తగా సెల్‌ఫోను వచ్చింది. వచ్చిన మర్నాడే ఆయన ఒక ఆజ్ఞ జారీ చేశారు. ఇకమీదట కొలువులో ఎవరూ నోరు విప్పకూడదు. ఏం చెప్పాలన్నా ఫోనులోనే చెప్పాలి.

కొలువంటే తెలుసుగా, పదిమంది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు. ఎదురెదురుగా కూర్చోవడం అలాగే ఉంచారు. మాట్లాడుకోవడం మాత్రం తీసేశారు.

ఈ సలహా మంత్రి వీరభల్లుడిది. రాజుగారు ఏం రాసినా రెప్పపాటులో బొటనవేలి బొమ్మ పంపేవాడు. కరువొచ్చిందన్నా బొటనవేలే, రాణిగారికి జ్వరమన్నా బొటనవేలే. ఇంత చురుకైన మంత్రి ఏ రాజ్యంలోనూ లేడని రాజుగారు మురిసిపోయేవారు.

చిక్కల్లా పేరయ్యకే వచ్చింది. రాజుగారు భోంచేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. ఇప్పుడు ఆయన ఫోను చూసుకుంటూ మజ్జిగన్నంలో నెయ్యి పోసుకుంటున్నారు. ఇక కబుర్లు ఎవరికి? ఇతన్ని తీసేద్దామని వీరభల్లుడు ఫోనులోనే ఎక్కించాడు. రేపు కొలువులో అందరినీ అడిగి తేలుద్దామన్నారు రాజుగారు.

పేరయ్య బతిమాలలేదు. ఆ సాయంత్రం కొలువువాళ్ల ఇంటింటికీ వెళ్లాడు.

"రాజుగారు ఎలాగూ తలెత్తి చూడరు కదండీ, ఎందుకొచ్చిన శ్రమ? మీ తలపాగా ఇవ్వండి, మీ ఆసనం మీద నేను సర్దుతాను. మీరు ఇంట్లో ఉయ్యాల ఊగుతూ బొమ్మలు పంపండి."

అందరికన్నా ముందు తలపాగా తీసిచ్చినవాడు వీరభల్లుడే. ఉద్యోగం పోయేవాడు తనకే సేవ చేస్తున్నాడని లోపల నవ్వుకున్నాడు కూడా.

మర్నాడు రాజుగారు వంచిన తల ఎత్తకుండా వచ్చి సింహాసనం మీద కూర్చున్నారు. పేరయ్యని తీసేయవచ్చునా అని ఫోనులో అడిగారు. టింగు, టింగు, టింగు. అన్నీ బొటనవేళ్లే. ఇంత ఐకమత్యం ఏ కొలువులో ఉంటుంది చెప్పండి? ఆ ఆనందంలో వీరభల్లుడికి బంగారు కంకణం తొడగాలని లేచి, ఫోను చూసుకుంటూనే అతని ఆసనం దగ్గరికి వెళ్లారు. చెయ్యి చాపమని రాశారు.

బొటనవేలు వచ్చింది. చెయ్యి రాలేదు.

అప్పుడు తలెత్తారు.

మంత్రిగారి తలపాగా కింద గుమ్మడికాయ ఉంది. పక్క ఆసనంలో ఇంకొకటి. కొలువు నిండా గుమ్మడికాయలే.

"ఏమిటిది పేరయ్యా?"

"తమ కొలువే ప్రభూ. పొద్దుటినుంచి వీళ్లలో ఒక్కరు కూడా మధ్యలో ఫోను చూసుకోలేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. పళ్లు నూరుతూ, ఎక్కడున్నావు మంత్రీ అని రాశారు. రెప్పపాటులో జవాబు.

"తమ ఎదుటే ఉన్నాను ప్రభూ. ఈ రోజు తమ ముఖం వెలిగిపోతోంది."

రాజుగారు ఫోనుకేసి చూశారు, గుమ్మడికాయకేసి చూశారు. కోపం ఎటుపోయిందో, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతోనే కంకణం పేరయ్య చేతికి తొడిగి, ఫోను మంత్రిగారి తలపాగా కింద దోపేశారు.

"పద, ఆకలేస్తోంది. ఈ పూట కొలువు మొత్తాన్నీ పులుసు పెట్టమను. కబుర్లు నువ్వు చెబుదువుగాని."