గాలి ఆగిన మధ్యాహ్నం

సుభాషిణి హేచరీలో రొయ్య పిల్లలన్నీ ఒక్క మధ్యాహ్నంలో చచ్చిపోయాయి. రోగం వచ్చి కాదు, నీళ్ళు పాడై కాదు. పక్కనే ఇంకో మోటారు సిద్ధంగా ఉండగా, దాని స్విచ్ ముందు మనిషి నిలబడి ఉండగా, గాలి అందక చచ్చిపోయాయి.

అందుకే ఆమెకు అంత కోపం.

మర్నాడు పొద్దున్నే కారు తీసి, సముద్రం పక్క రోడ్డు మీద సరుగుడు తోటల మధ్య ఉన్న అక్కగారి పాకకు వెళ్ళింది. దండం పెట్టడానికి కాదు, దెబ్బలాడటానికి.

అక్కగారి అసలు పేరు శ్యామలాంబ. కాషాయం కట్టదు, ఉపన్యాసాలు చెప్పదు. గురువారం మధ్యాహ్నాలు వచ్చినవాళ్ళను వరండాలో మౌనంగా కూర్చోబెడుతుంది, తర్వాత అన్నం పెడుతుంది. మొదట్లో ఎవరో "అమ్మా" అని కాళ్ళ మీద పడితే, "నేనెవర్నీ కనలేదు, అక్కా అను చాలు" అందట. అప్పట్నించీ చిన్నా పెద్దా అందరికీ అక్కగారే. ఆవిడ పెట్టిన నియమం కూడా ఒక్కటే. గుమ్మం పక్కన ఒక మట్టికుండ ఉంటుంది. ఫోన్ ఆపి అందులో వేసి లోపలికి రావాలి.

నిన్న ఆ గాలి ఆగినప్పుడు సుభాషిణి ఫోన్ ఆ కుండలోనే ఉంది.

అక్కగారు పెరట్లో కూర్చుని పుల్లలు విరుస్తోంది. "ఇవాళ శుక్రవారం కదే, ఇంత పొద్దున్నే వచ్చావేం?"

"మీ మౌనం నా కొంప ముంచింది అక్కగారూ."

"ఎంత లోతుకి?"

"హాస్యాలాడకండి. ట్యాంకులన్నీ పోయాయి. రేపో ఎల్లుండో రైతులకు ఎత్తాల్సిన పిల్లలు. తట్టల్తో ఎత్తి పూడ్పించి వస్తున్నాను."

అక్కగారు చేతిలో పుల్ల కింద పెట్టింది. "కూర్చుని చెప్పు."

సుభాషిణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

రొయ్య పిల్లల ట్యాంకుల్లో గాలి బుడగలు పగలూ రాత్రీ లేస్తూనే ఉండాలి. బ్లోయర్ అనే మోటారు గొట్టాల్లోంచి గాలి ఊదుతూ ఉంటుంది. అది ఆగితే పిల్లలు అడుక్కి జారిపోతాయి, మళ్ళీ లేవవు. అందుకే ఎవరి హేచరీలోనైనా బ్లోయర్లు రెండుంటాయి. ఒకటి ఆగితే రెండోది వెయ్యడమే.

పోయిన వేసవిలో ఈ సంసారమంతా ఒక యాప్ రూపంలో సుభాషిణి ఫోన్‌లోకి వచ్చి చేరింది. బ్లోయర్లు, నీళ్ళ వేడి, ఉప్పదనం, జనరేటరు, అన్నీ తెర మీద పచ్చ చుక్కలు. ఎక్కడ తేడా వచ్చినా ఆ చుక్క ఎర్రబడి ఫోన్ గణగణా మోగేది. ఆమె గుంటూరులో పెళ్ళి పందిట్లో ఉన్నా, చెన్నైలో మేత కంపెనీ వాళ్ళతో మాట్లాడుతున్నా, మరుక్షణం షెడ్డులో పనిచేసే ఏసోబుకి ఫోన్ చేసేది. "ఏసోబూ, రెండో బ్లోయర్ వెయ్యి." "ఏసోబూ, చివరి ట్యాంకు హీటర్ ఆపు." షెడ్డులో ఉన్నవాడికంటే ముందు తనకే తెలిసేది. ఆ మాట నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది కూడా. షెడ్డులో పాత సైరన్ ఒకటి ఉండేది. ఇంక దాని కూత ఎందుకని తీగ పీకించేసింది.

ఓసారి బ్లోయర్ చప్పుడు బాగాలేదని ఏసోబు తనంతట తనే రెండోది వేసి మొదటిది ఆపాడు. ఫోన్‌లో చుక్కలు తారుమారయ్యాయి. సుభాషిణి బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని ఉంది. అక్కడినుంచే చెడామడా తిట్టింది. "నన్నడక్కుండా స్విచ్‌ల ప్యానెల్ మీద చెయ్యి వేశావో, ఊరుకోను. నేను చూస్తున్నానుగా!"

నిన్న బ్లోయర్ బెల్టు తెగింది. ఏసోబు ప్యానెల్‌కి చేతికందేంత దూరంలో ఉన్నాడు. బుడగల చప్పుడు ఆగడం విన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి పట్టుకుని, మోగుతుందని నిలబడ్డాడు. మోగలేదు. తనే చేశాడు. మేడమ్ ఫోన్ ఆపేసి ఉంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ, మళ్ళీ చేశాడు. ఎప్పటికో తెగించి రెండో స్విచ్ వేశాడు. అప్పటికే పిల్లలు ట్యాంకుల అడుగున తెల్లగా పేరుకున్నాయి.

"ఎందుకు వెయ్యలేదురా అంటే ఏమన్నాడో తెలుసా?" సుభాషిణి గొంతు పెరట్లోంచి రోడ్డు దాకా వినిపిస్తోంది. "'మీరు ఫోన్ చేస్తారని చూశానండి' అన్నాడు! ఎదురుగా బ్లోయర్ ఆగిపోయింది. చెవులున్నాయి, కళ్ళున్నాయి. నా ఫోన్ కోసం చూశాడట!"

"ఇంకేమన్నా అన్నాడా?"

"అనకేం? పైపెచ్చు నన్నే నిలదీశాడు. 'ఆవేళ ముట్టుకుంటే తిట్టారు, ఈవేళ ముట్టుకోకపోతే తిడుతున్నారు, చెయ్యేడ పెట్టుకోమంటారో చెప్పండి' అని. గేటు బయటికి పొమ్మన్నాను. ఇవాళ తాళాలు తీసుకుని వాణ్ణి తీసేస్తున్నాను. కావాలని చేశాడని స్టేషన్‌లో కంప్లైంటు కూడా ఇస్తాను. ఈ కోస్తాలో ఇంకెవడూ వాణ్ణి షెడ్డులో అడుగు పెట్టనివ్వడు."

"ఊఁ."

"మీ దగ్గరికి రావడం కూడా ఇవాల్టితో ఆఖరు. ఫోన్ నా చేతిలో ఉండి ఉంటే ఒక్క ప్రాణి చచ్చేది కాదు. అది చెప్పిపోదామని వచ్చాను."

"చెప్పేశావుగా."

"చెప్పాను."

"అయితే అన్నం తిని వెళ్ళు."

"నాకు ఆకలి లేదు."

"నాకుంది. పొద్దుట్నించీ నడుం పట్టేసింది, పొయ్యి దగ్గర కూర్చోలేను. అత్తెసరు పెట్టాను. కాస్త దగ్గరుండి వండి, తర్వాత ఏ స్టేషన్‌కి పోతావో పో."

సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. అయినా పెద్దావిడ నడుం పట్టుకుని లేస్తుంటే కాదనలేకపోయింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పొయ్యి ముందు పీట వేసుకుంది. అక్కగారు వరండాలో స్తంభానికి ఆనుకుని, ఇటు వీపు పెట్టి కూర్చుంది.

కాసేపటికి గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. సుభాషిణి మూత పక్కకు తీసింది.

"మూత ఎందుకు తీశావు?"

"పొంగుతోంది."

"నేను తియ్యమన్నానా? పెట్టు."

పెట్టింది. గంజి కారి నిప్పుల మీద చుయ్యిమంది.

"ఊఁ, ఇప్పుడు తియ్యి."

తీసింది. పళ్ళు కొరుక్కుంది. మంట గిన్నె అంచులు దాటి నాకుతుంటే ఒక పుల్ల వెనక్కి లాగింది.

"పుల్ల లాగావా?"

"మంట ఎక్కువైంది అక్కగారూ. అన్నం వండటం నాకు కొత్తా?"

"కొత్తా పాతా నేనడగలేదు. ఎగదొయ్యి. నన్నడక్కుండా దేన్నీ ముట్టుకోకు. నేను చూసుకుంటున్నాను."

"ఎక్కణ్ణించి చూస్తున్నారు, వీపుతోనా?"

"వీపుతోనే. నీకెందుకు?"

సరే, ఈ ముసలావిడకు ఇవాళ ఏదో పట్టిందనుకుంది సుభాషిణి. పుల్ల ఎగదోసింది. ఆ తర్వాత అక్కగారు చెప్పినట్టే చేసింది. గరిటె పెట్టమంటే పెట్టింది, పుల్ల లాగమంటే లాగింది, సగం మూత వెయ్యమంటే వేసింది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా సరిగ్గా సమయానికే పడుతోంది. ఇక చూడాల్సిన పనేముంది? చేతులు వాటంతటవి కదులుతున్నాయి. బుర్రలో కంప్లైంటు నడుస్తోంది. 'ఉద్దేశపూర్వకంగా' అనే మాట ఎక్కడ వెయ్యాలి, సాక్షిగా ఎవరి పేరు చెప్పాలి, ఏసోబు మొహం ఆ ఎస్సై ముందు ఎలా ఉంటుంది.

వరండాలోంచి మాట రావడం ఆగిపోయింది.

గిన్నెలో తుకతుకలు తగ్గాయి. నీళ్ళు ఇంకిన చప్పుడు వేరేగా ఉంటుంది, సన్నగా చిటపటమంటుంది. అది సుభాషిణికి వినిపించింది. అంచు దగ్గర సన్నని పొగ లేచింది. అది కనిపించింది. మాడువాసన కూడా ముక్కుకి తగిలింది. పుల్ల మీద చెయ్యి వేసి, వరండాలో ఆ వీపు వైపు చూస్తూ కూర్చుంది.

పొగ వంటింటి కప్పు దాకా లేచాక అక్కగారు ఇటు తిరిగింది.

"మాడిపోతున్నట్టుందే?"

"మాడింది."

"పొయ్యి ముందు కూర్చున్నదెవరు?"

"నేనే."

"మరి?"

"మీరు చెప్తారని చూశా..."

పుల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

అక్కగారు లేచి వచ్చింది. నడుం పట్టుకోలేదు. పుల్లలు బయటికి లాగి, వాటి మీద నీళ్ళు చిలకరించి, గిన్నె దించింది. కంచాలు రెండు తెచ్చి పెట్టి, "పైపైన బాగానే ఉంటుందిలే. చారుంది" అంది.

సుభాషిణి గరిటె అందుకుని, పైన తెల్లగా ఉన్న అన్నం ఆవిడకు పెట్టింది. అడుగున ఉన్న మాడంతా గీకి తన కంచంలో వేసుకుంది. అక్కగారు వద్దనలేదు. ఇద్దరూ తిన్నారు.

కారెక్కేటప్పుడు సుభాషిణి అడిగింది. "మీ నడుం ఎలా ఉంది?"

"తగ్గింది."

రోడ్డెక్కాక కూడా ఆమెకు కోపం తగ్గలేదు. హారన్ కొట్టిన లారీవాడిని తిట్టింది. అడ్డొచ్చిన గేదెల్నీ తిట్టింది. స్టేషన్ వైపు మలుపు వచ్చింది. తిరగలేదు.

హేచరీ గేటు దగ్గర ఏసోబు నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, రాత్రంతా నిద్రలేక మొహం పీక్కుపోయి ఉంది. తాళాల గుత్తి ముందుకు చాపాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

"ఇయ్యిగో తాళాలు."

ఆమె అందుకోలేదు. "పాత సైరన్ తీగ ఎక్కడ పడేశావు?"

"స్టోరులో ఉందండి."

"తీసుకొచ్చి బిగించు."

ఏసోబు కదల్లేదు. "బిగించాక తీసేస్తారా, ఇప్పుడే తీసేస్తారా? అదొకటి చెప్తే తెస్తాను."

మామూలుగా అయితే ఆ మాటకు గేటు అదిరిపోయేలా అరిచి ఉండేది. గొంతుదాకా వచ్చింది కూడా. మింగేసి, ఫోన్ తీసి, అతని కళ్ళ ముందే ఆ యాప్ తీసేసింది.

"ఇక ఈ ఎర్ర చుక్కలు నాకు రావు. షెడ్డులో ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళ ఫోన్‌కి వస్తాయి. గాలి ఆగితే ముందు నీ చెయ్యి ప్యానెల్ మీద పడాలి. నాకు చెప్పడం తర్వాత."

"తప్పు చేస్తే?"

"తిడతాను."

"ఒప్పు చేస్తే?"

"ఊరుకుంటాను."

"అది మీవల్ల కాదండి" అన్నాడు ఏసోబు. నవ్వుతూ అనలేదు. తాళాలు జేబులో వేసుకుని స్టోరు వైపు వెళ్ళాడు.

సాయంత్రం సైరన్ పరీక్షించి చూశారు. సరుగుడు చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి.

ట్యాంకులు కడిగి, ఆరబెట్టి, కొత్త నీళ్ళు పెట్టి, మళ్ళీ పిల్లల్ని పొదిగించేసరికి ఎండలు ముదిరాయి. అవి కంటికి కనిపించేంత అయ్యాక ఒక గురువారం సుభాషిణి అక్కగారి వరండాలో కూర్చుంది. చుట్టూ పదిమంది కళ్ళు మూసుకుని ఉన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది.

ఫ్యాను ఆగిపోయింది.

ఇక్కడ కరెంటు పోతే హేచరీలోనూ పోయినట్టే, లైను ఒక్కటే. జనరేటరు అందుకోవాలి. బ్లోయర్ మళ్ళీ తిరగాలి. అందుకోకపోతే ఎవరో ఒకరు చేత్తో వెయ్యాలి. సుభాషిణి కళ్ళు తెరిచింది. ఆమె చెయ్యి దానంతట అదే కుండ వైపు వెళ్ళింది.

అక్కగారు చూసింది. లేచి కుండను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, "తీసుకో. ఇవాళ్టికి నియమం లేదు" అంది మెల్లగా.

సుభాషిణి కుండలోకి చూసింది. పది ఫోన్ల మధ్య తన ఫోన్ నల్లగా, మూగగా పడుంది. కుండను తీసుకెళ్ళి గుమ్మం పక్కన దాని చోట పెట్టేసింది. అక్కడినుంచి వంటింట్లోకి వెళ్ళింది.

"అక్కగారూ, బియ్యం కడగనా?"

"నన్నడుగుతావేం?" అంది అక్కగారు వరండాలోంచి.

ఆమె బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. మూత తియ్యాల్సినప్పుడు తీసింది, పుల్ల లాగాల్సినప్పుడు లాగింది. అందరికీ వడ్డించి, తను తిని, కంచం కడిగాక బయల్దేరింది.

హేచరీ గేటు తీస్తుంటే లోపల బుడగల చప్పుడు వినిపించింది. ఏసోబు ట్యాంకు గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కరెంటు పోయిందా అని ఆమె అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా, చెయ్యి ఎంత దురద పెట్టినా షెడ్డుకి తను ముందుగా ఫోన్ చెయ్యలేదు.