జీపుకు తలంటు

అప్పలసూరి మేస్త్రీని ప్రశ్న అడిగితే సమాధానం రాదు, పని వస్తుంది. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద ఆయన షెడ్డులో పని నేర్చినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఓర్పంటే ఏమిటని అడిగినవాడి చేతిలో ఇసుక పట్టిన గేరుబాక్సు పెట్టి, రేణువు మిగలకుండా కడిగి తెమ్మన్నాడు. వాడు మళ్లీ ఏమీ అడగలేదు. లోవరాజు మాత్రం పదకొండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. వాడికి ముప్పై ఏళ్లు. చెయ్యి మంచిది, మీసం అంతకంటే మంచిది, తొందరొక్కటే వాడి జబ్బు.

ఒక సోమవారం పొద్దున లోవరాజు స్పానర్లు తుడుస్తూ, "గురువుగారూ, ఏది అసలో, ఏది పైపూతో మనిషికెలా తెలుస్తుందండీ?" అని అడిగాడు. మేస్త్రీ వాకిలి వైపు చూశాడు. అదే సమయానికి ఒక ట్రాక్టరు, తాడు కట్టిన పాత జీపును ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది. జీపు స్టీరింగు దగ్గర ఎర్రునాయుడు, పక్కన అతని తల్లి సింహాద్రమ్మ. ఎనభై దాటిన మనిషి, పెళ్లికూతుర్ని అత్తవారింటికి తీసుకెళ్తున్నట్టు బండి రేకు మీద చెయ్యేసి కూర్చుంది. పెద్ద యుద్ధం అయిపోయాక విశాఖలో సైన్యంవాళ్లు వేలం వేస్తే తన తండ్రి సన్యాసినాయుడు కొన్న బండి ఇదని, కొన్న రోజున ఎలా ఉందో అలా చేసిపెట్టమని, అమ్మ దీంట్లో ఇంకొక్కసారి సింహాచలం కొండెక్కాలంటోందని ఎర్రునాయుడు చెప్పాడు. వేలంనాటి కాగితం కూడా చూపించాడు. దాంట్లో చాసీ నంబరు సిరాతో రాసుంది.

మేస్త్రీ ఆ కాగితం లోవరాజుకిచ్చాడు. "ఈ నంబరు ఇనుము మీద చూపించు. తరవాత మాట్లాడదాం."

ఎదురు షెడ్డులో డీజిలింజన్ల వీరభద్రం ఉంటాడు. బేరింగులు లాగే పుల్లరొకటి అప్పలసూరి దగ్గర్నుంచి పట్టుకెళ్లి ఇన్నేళ్లయినా తిరిగివ్వని మనిషి ఇతనే. కథకు దాంతో పనిలేదు, కానీ చెప్పకుండా వదిలెయ్యడం న్యాయం కాదు. వీరభద్రం రోడ్డు దాటి వచ్చి, జీపు ముందు జాలీలో ఖాళీలు వేలితో లెక్కపెట్టాడు.

"ఏడు! యుద్ధం బండికి తొమ్మిదుంటాయిరా లోవరాజూ. ఇది యుద్ధమయ్యాక పుట్టిన పిల్ల. దీనికి మిలటరీ చొక్కా తొడిగి మీ నెత్తిన పెట్టారు."

"జాలీ మారతాది మామా, చాసీ మారదు. కుడి దీపం చూడు, వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడతాది. యుద్ధం బండికే ఉంటాదది."

"మరి ఎడమ దీపం తిరగదేం? దానికి పక్షవాతమా?"

షెడ్డులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నవ్వులపాలైనవాడి నోరు ఊరుకోదు. శనివారం పొద్దుగూకేలోగా కాగితంలోని నంబరు చాసీ మీద చూపిస్తానని, చూపించలేకపోతే అర మీసం తీయించుకుంటానని లోవరాజు అనేశాడు. చూపిస్తే తనదీ అర మీసమేనని వీరభద్రం అన్నాడు. చేతులు కలిశాక గానీ, వచ్చే వారం గురువారం తన పెళ్లన్న సంగతి లోవరాజుకు గుర్తు రాలేదు.

మంగళవారం వాడు బానెట్టు మీద పడ్డాడు. సైన్యంవాళ్లు బానెట్టు మీద తెల్లరంగుతో అంకెలు రాస్తారని విన్నాడు, అవి దొరికితే సగం పని అయినట్టే. మేస్త్రీ వాటర్ పేపరిచ్చి, "తడుపుతూ రుద్దు. ఒక్కో పూతా దిగాలి, ఉల్లిపాయ పొరలాగ" అన్నాడు. ఉల్లిపాయ ఒలిచే ఓపిక లోవరాజుకెక్కడిది? మేస్త్రీ భోజనానికి వెళ్లగానే కరెంటు గ్రైండరు పెట్టాడు. మీగడ రంగు పోయింది, కింద ఎరుపు పోయింది, దాని కింద నీలం పోయింది, ఆకుపచ్చ కూడా పోయింది. మేస్త్రీ తిరిగొచ్చేసరికి బానెట్టు వెండి పళ్లెంలా మెరుస్తోంది.

"ఏం దొరికింది?" అన్నాడు మేస్త్రీ.

"ఇనుమండీ. అసలైన ఇనుము."

మేస్త్రీ వంగి, గ్రైండరు అందని మడతబందు మూల చూశాడు. అక్కడ ఆకుపచ్చ మీద గోరంత తెల్లరంగు మిగిలింది. ఏదో అంకె తోక. మూడుదో, ఐదుదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆయన తిట్టలేదు. తిట్టుంటే లోవరాజు ఆ రాత్రి అన్నం తినుండేవాడు.

బుధ, గురు, శుక్రవారాలు లోవరాజు బండి కింద పడుకునే ఉన్నాడు. డాష్‌బోర్డు మీది పేరు రేకు ఎప్పుడో పోయింది. చాసీకి కుడివైపు పొడుగునా ఉండే ఇనుప పట్టీ అంతా వెతికాడు, వెనక పట్టీ వెతికాడు. తుప్పే గానీ అంకె లేదు. సింహాద్రమ్మ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని వాడి పాట్లు చూసేది. తన భర్త లంబసింగి మలుపులో పనసచెట్టుకు గుద్దితే జాలీ, ఎడమ దీపం మార్చారని ఆవిడే చెప్పింది. ఆ మాట మోసుకెళ్లి వీరభద్రానికి చెబితే, "పనసచెట్టును సాక్షిగా పిలిపించు" అన్నాడు.

శనివారం మధ్యాహ్నానికి మిగిలింది ఎడమ పట్టీ. బంపరుకు జానెడు వెనక, పట్టీ పైవైపున, అరచెయ్యంత మేర, రెండంగుళాల మందాన నల్లగా ఒక ముద్ద పేరుకుపోయి ఉంది. లోవరాజు దాని మీద పెడదామని గ్రైండరు ఆన్ చేశాడు.

"ఓలమ్మో! సెయ్యి తియ్యరా సచ్చినోడా!" సింహాద్రమ్మ స్టూలు తన్నేసి లేచింది. "దేవుడి మీద మిసను పెడతావేట్రా!"

విషయమేమిటంటే, ఏటా దసరాకు ఆయుధపూజ చేస్తారు కదా, ఊళ్లో అందరూ బండికి బానెట్టు మీద బొట్టు పెడితే, ఈవిడ మాత్రం బానెట్టు ఎత్తి, లోపల ఆ ఎడమ పట్టీ మీద పెట్టేది. నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ అద్దేది. పెళ్లయి వచ్చిన ఏటి నుంచి ఒక్క దసరా తప్పలేదు. ఏ ఏటి పసుపు మీద ఆ ఏటి నూనె. ఎవరైనా కడగబోతే ఒప్పుకునేది కాదు.

"మామ్మా, నీ కాళ్లకు దండం పెడతాను. దాని కింద నంబరుంటాది. పొద్దుగూకితే నా మీసం పోతాది, గురువారం నా పెళ్లి" అని లోవరాజు బతిమాలాడు.

"మీసం మళ్లీ మొలుస్తాది. దేవుడు మొలుస్తాడేట్రా?"

అప్పటికే రోడ్డు మీది మెకానిక్కులు, టైర్ల షాపువాళ్లు, బస్సు తప్పినవాళ్లు కూడా పోగయ్యారు. వీరభద్రం మంగలి అప్పారావును ముందే పిలిపించి, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. లోవరాజు మొహం చూస్తే అప్పుడే సగం గీసేసినట్టుంది. మేస్త్రీ చేతులు కడుక్కుని ఆవిడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మామ్మగారూ, సింహాద్రి అప్పన్నకైనా ఏడాదికోసారి చందనం ఒలుస్తారు. ఒక్కరోజు నిజరూపం చూపించి మళ్లీ పూస్తారు. మీ దేవుడికి ఒలిచి ఎన్నేళ్లయిందమ్మా?"

సింహాద్రమ్మ వేళ్లు లెక్కపెట్టింది, వేళ్లు చాలలేదు. "ఓలమ్మా, ఒక్కసారీ ఒలవలేదు బాబూ" అంది. మొహం చిన్నబోయింది. "పాపం, ఎంత ఉక్కపోసిందో."

"మరి మీరే తలంటు పొయ్యండి. మావాళ్లు ముట్టుకోరు."

నువ్వులనూనె వెచ్చబెట్టారు. ఎదురు హోటలు నుంచి శనగపిండి వచ్చింది. సింహాద్రమ్మ కొంగు దోపుకుని, బంపరు మీద మోచెయ్యి ఆన్చి, ముద్ద మీద ధారగా నూనె పోసింది. నానేదాకా గంటసేపు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత పసిబిడ్డ మాడు రుద్దినట్టు రుద్దింది. ముద్ద మెత్తబడి పొర తర్వాత పొర ఊడింది. ఒక పొర ఊడితే, "ఇది మా ఎర్రోడు పుట్టిన ఏడు" అంది. ఇంకొకటి ఊడితే, "ఇది పనసచెట్టు ఏడు" అంది. నిజంగా గుర్తుపట్టి అందో, లేదో, కాదనే ధైర్యం అక్కడెవరికీ లేకపోయింది. చివరికి పచ్చటి నూనె కింద ఇనుము కనబడింది. బండి మొత్తంలో తుప్పు చుక్క లేని జాగా అదొక్కటే. నిన్న కొట్టినట్టు అంకెలున్నాయి.

మేస్త్రీకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బొటనవేలితో తడుముతూ ఒక్కొక్కటే చదివాడు. ఎర్రునాయుడు కాగితం చూస్తూ ఒక్కొక్కదానికీ "అవును" అన్నాడు. ఆఖరిదైన ఆరో "అవును" దగ్గర లోవరాజు కూలబడి ఏడ్చాడు. అది సంతోషమే, ఏడవలేదని తర్వాత వాడెన్ని చెప్పినా నమ్మొద్దు. వీరభద్రం కూడా వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, కాగితం తిప్పి చూశాడు, వెళ్లి అప్పారావు కుర్చీలో కూర్చున్నాడు. లేచేటప్పటికి మీసం రెండువైపులా ఉంది గానీ, మందం సగానికి తగ్గి దారప్పోగులా ఉంది. "అర మీసమన్నాను, ఎటు అరో అన్నానా?" అన్నాడు. దాన్ని మాట నిలబెట్టుకోవడం అనరు.

"మా ఆయన సూపించేడు బాబూ" అంది సింహాద్రమ్మ, చేతులు తుడుచుకుంటూ. "నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు బానెట్టెత్తి, దీని పేరు ఇక్కడ రాసుంది, నువ్వు దీనికి బొట్టెట్టు, తుప్పట్టకుండా నేను సూసుకుంటానన్నాడు. నాకు సదువు రాదు, నంబరంటే ఆ పేరేనని తెలీదు. సోటు మాత్రం మర్సిపోలేదు." అని, గిన్నెలో కొత్త పసుపు, నూనె కలపడం మొదలుపెట్టింది.

లోవరాజు కంగారుగా లేచాడు. "మళ్లీ పూసేస్తోంది గురువుగారూ, ఆపండి! నంబరు అందరికీ కనబడేలా తళతళా మెరిపిస్తాను. మూసేస్తే రేపొచ్చినవాడికి ఎలా తెలుస్తుందండీ?"

మేస్త్రీ పసుపు గిన్నె అందుకుని, కిందపడకుండా ఆవిడ చేతికి దగ్గరగా పట్టుకున్నాడు.

"నీకెలా తెలిసింది?" అన్నాడు.