పొయ్యి లేని ఇల్లు

వానలు ఇంకో నెలలో పడతాయనగా గుమ్మడిదుర్గం రాజు జగ్గభూపతికి ఒక ఆలోచన తట్టింది. కోట పక్కన ఊరికే పడివున్న సర్కారు బీడును ఇరవై వాటాలు చేసి, ఇల్లు లేనివాళ్లకు మూడు తరాల కౌలుకిస్తానని దండోరా వేయించాడు.

నలభై కుటుంబాలు వచ్చి నిలబడ్డాయి. సగం మంది నిరుటి వరదలో గుడిసెలు పోగొట్టుకున్న ఏటిగట్టువాళ్లు. మిగతా సగం దివాను కొండలరాయుడి చుట్టాలు. రాజు తమనెన్నడూ చూడలేదన్న ధీమాతో చిరుగు పంచెలు కట్టుకుని వచ్చారు.

"నా వైపు నిలబడ్డవాళ్లే అసలు దిక్కులేనివాళ్లు ప్రభూ. నాదీ పూచీ," అన్నాడు దివాను.

రాజుకు తాంబూలం అందించే కూచన ముక్కుకు ఆ చిరుగు పంచెల్లోంచి అత్తరు వాసన తగిలింది. కానీ దివాను మాట కాదనాలంటే రుజువు కావాలి. లేకపోతే ఏటిగట్టు పిల్లలు ఈ వానలు కూడా చెట్ల కిందే గడపాలి.

"ఒక్క పూట గడువివ్వండి ప్రభూ. ఎవర్నీ ఇల్లుందా అని అడక్కుండానే తేలుస్తాను," అన్నాడు కూచన.

"తేల్చలేకపోతే నీ కొలువు దివాను మేనల్లుడికి!" అన్నాడు రాజు.

కూచన బీడులో తలా ఒక దోసెడు ముగ్గు పంచాడు. "ఎవరు కట్టుకోబోయే ఇల్లు వాళ్లు నేలమీద గీయండి!"

ఏటిగట్టు పోలమ్మ మొదటి గీతకే మొగుడి మీద లేచింది.

"పొయ్యి అక్కడా? పడమటిగాలి కొడితే పొగంతా మీ అమ్మ మంచం మీదికే పోద్ది!"

"మరి రోలెక్కడేస్తావే?"

"వసారాలో. ఏడాదిగా అనుకుంటన్నా, నాకు తెలీదా?"

ఏటిగట్టువాళ్లందరిదీ అదే రభస. దివాను బావమరిది వేంకటపతి మాత్రం చకచకా నాలుగు గీతలు గీసి చేతులు దులిపేసుకున్నాడు. అతన్ని చూసి మిగతా చుట్టాలూ అంతే.

కూచన వంగి చూశాడు. "భేషుగ్గా ఉంది బాబూ. పొయ్యి కనపడదేం?"

"పొయ్యెందుకోయ్ పిచ్చివాడా? వంటెప్పుడూ బావగారింట్లోనే కదా!"

"ఏ బావగారండీ?"

"ఇంకెవరు? వారే!" అంటూ వేంకటపతి దివాను వైపు వేలు చూపించాడు.

దివాను మొహం కందగడ్డ అయింది. కూచన చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఇల్లు కావలసినవాళ్లు పొయ్యి కోసం పోట్లాడుకున్నారు. స్థలం కావలసినవాళ్లకు హద్దులే సరిపోయాయి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇరవై వాటాలూ ఏటిగట్టువాళ్లకే రాయించి, గోడలకు మట్టి తొక్కే పని దివానుకూ అతని చుట్టాలకూ అప్పజెప్పాడు. తన తోటలోంచి ఇంకో వాటా కొలిపించి, కూచనతో "ఇది నీకు. గీయవోయ్ నీ ఇల్లు!" అన్నాడు.

కూచన ముగ్గు గిన్నె కింద పెట్టేశాడు.

"మా ఆవిడ రావాలి ప్రభూ. పొయ్యి ఎక్కడో నేను గీస్తే, నాకు ఇంట్లో చోటుండదు!"